గడ్డ అన్న మాట

ఆ ఎండాకాలం మొదలయ్యేసరికి మా అత్తమ్మ నన్ను తిట్టడం మానేసింది.

మా అత్తమ్మ పేరు లక్ష్మీనర్సమ్మ. పెన్‌పహాడ్ దగ్గరి మా ఊళ్ళో ఆమె నోటికి జంకని వాళ్ళు లేరు. నూట ఇరవై గొర్రెల మందను మా మామ ఐలన్న కాసేవాడు గానీ, నడిపేది ఆమే. కోతలయ్యాక ఏ రైతు పొలంలో మంద పెట్టాలో, ఏ పొట్టేలును అమ్మాలో, ఏ పిల్లకు తల్లిపాలు చాలడం లేదో ఆమే చెప్పాలి. పొద్దున్నే దొడ్డిలోకి వెళ్ళి, ఒక్కొక్క గొర్రె మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. "దీనికి రోగం తగుల్తుంది, పక్కకు కట్టు" అందంటే రెండు రోజుల్లో ఆ గొర్రె మేత మానేసేది.

నేను కోదాడ పిల్లను. డిగ్రీ చదివి, శ్రీధర్‌ను చేసుకుని ఆ ఇంటికి వచ్చాను. శ్రీధర్ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో మిషన్ ఆపరేటర్. ఇంటికి వారానికొకసారి వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ అత్తమ్మా నేనూ. నా అన్నం ముద్ద, నా ముగ్గు వంకర, నా మాట ఆంధ్ర. "అత్తమ్మా, మీరు భోంచేయండి" అంటే, "నన్ను మీరు గీరు అనకు. నేనేమన్న తాసిల్దారునా?" అనేది. సూర్యాపేటలో ఏదైనా పని చూసుకుంటానని మూడేళ్ళలో నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ ఒకటే జవాబు: "దొడ్డి మీ అవ్వొచ్చి ఊడుస్తదా?"

అలాంటి మనిషి, హోలీ దాటాక మెత్తబడింది.

ఒక పొద్దున నేను పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. గిన్నె అడుగంటి ఇల్లంతా పొగ. అత్తమ్మ పొయ్యికి రెండడుగుల దూరంలోనే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, పొయ్యి ఆపి, తిట్ల కోసం తలవంచుకుని నిలబడ్డాను.

"పోనీలే బిడ్డా" అంది.

ఆ ఇంట్లో నన్ను ఆమె బిడ్డా అనడం అదే మొదలు. ఆ పూట పొయ్యి తుడుస్తూ ఏడ్చాను, సంతోషంతో. వారం ఆగి, పని సంగతి ఐదోసారి అడిగాను. "పో బిడ్డా, నీ ఇష్టం" అంది. దొడ్డి మాట ఎత్తనే లేదు.

అలా నేను సూర్యాపేటలో సాయిబాబు గారి కళ్ళద్దాల దుకాణంలో చేరాను. ఆయన కళ్ళు పరీక్షించి అద్దాలిస్తారు. యాభై దాటిన నెమ్మదస్తుడు. నా పని ఫ్రేములు తుడిచి అరల్లో సర్దడం, వచ్చినవాళ్ళ పేర్లు కంప్యూటర్లో ఎక్కించడం, అద్దాలు తయారయ్యాక ఫోన్ చేసి పిలవడం. పెద్ద ఉద్యోగమేమీ కాదు. కానీ తొమ్మిదింటి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఆ అరగంటా నేను ఎవరి కోడలినీ కాననిపించేది. సాయంత్రం ఇంటికొస్తే తిట్లు లేవు. మా పక్కింటి స్వరూప అయితే, "మీ అత్తకు దేవుడు బుద్ధిచ్చిండే పిల్లా. నీ అదృష్టం" అంది. నేనూ అలాగే అనుకున్నాను.

అనుకోవడం తేలిక కాబట్టి అనుకున్నాను. కళ్ళు మాత్రం చూస్తూనే ఉన్నాయి. అత్తమ్మ నడుస్తూ ద్వారబంధానికి భుజం తగిలించుకునేది. చీర తిరగేసి కట్టుకునేది. ఒకరోజు దొడ్డి మూలలో గొర్రెపిల్ల ఒకటి చచ్చి, ఎండకు ఉబ్బి, వీధి దాకా కంపు కొడుతోంది. ఆమె అప్పుడే దొడ్డిలోంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. ఆమెకేమీ తెలియలేదు. "ముసల్దైంది గదా" అన్నాడు మామ. ఆమెకు అప్పటికి యాభై ఆరేళ్ళు.

చూపు ఆనడం లేదేమో, అద్దాలిప్పిద్దామని ఏప్రిల్‌లో ఒకరోజు ఆమెను దుకాణానికి తీసుకెళ్ళాను. సాయిబాబు గారు చీకటి గదిలో మిషన్ ముందు కూర్చోబెట్టి, ఒక కంట్లోకి, ఆ తరువాత రెండో కంట్లోకి చాలాసేపు చూశారు. ఆమెను బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచారు.

"అద్దాలతోటి అయ్యే పని కాదమ్మా రూపా. కంటి వెనక నరం ఉబ్బింది, రెండు దిక్కులా. తలకాయల ఒత్తిడి పెరిగితేనే గట్లైతది. నేను డాక్టర్ను కాదు, కానీ ఆలస్యం చేయకుండ్రి." ఒక చీటీ మీద కంటి డాక్టరు పేరు రాసి, కింద తల స్కానింగ్ అని రాసిచ్చారు. "ఈమె గుణం ఏమన్న మారిందా ఈ మధ్య?" అని అడిగారు.

"లేదండీ" అన్నాను.

ఎందుకలా అన్నానో ఆ క్షణంలో నాకే తెలియదు. తరువాత తెలిసింది. ఆ చీటీ రెండు రోజులు నా సంచిలోనే ఉంది. దాన్ని బయటికి తీస్తే ఏమవుతుందో నాకు తెలియదు. తీయకపోతే ఏమవుతుందో తెలుసు. ఇల్లు ఇలాగే నిమ్మళంగా ఉంటుంది.

మూడో రోజు పొద్దున నేను బస్సుకు బయలుదేరుతున్నాను. అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె చీర కిందినుంచి నీళ్ళు మెట్ల మీదుగా జారి వీధిలోకి పోతున్నాయి. ఏం ఒలికిందా అని చూస్తే, ఒలికింది నీళ్ళు కాదు. ఆమెకు తెలియడమే లేదు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. నేను పరుగున వెళ్ళి ఆమెను లేపి, నా చున్నీ చుట్టి లోపలికి తీసుకెళ్ళాను.

"పోనీలే బిడ్డా" అంది. పాలు మాడిన రోజు అన్నట్టే, అదే గొంతుతో.

ఆ రోజు దుకాణానికి వెళ్ళలేదు. స్నానం చేయించి, వేరే చీర కట్టి, ఆమెను నేరుగా సూర్యాపేటలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. సాయంత్రానికల్లా స్కానింగ్ అయింది. నుదుటి వెనక, రెండు కళ్ళకు నడిమధ్య, తెల్లగా గుండ్రంగా గడ్డ. చిన్న బత్తాయంత ఉంది.

మరునాడు ఇల్లంతా కూడింది. శ్రీధర్ మిర్యాలగూడ నుంచి, ఆడబిడ్డ సంగీత హాలియా నుంచి వచ్చారు. అత్తమ్మ మా మధ్యనే కూర్చుని, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు వింటోంది.

"మిల్లుల సీజన్ నడుస్తుంది. యాసంగి వడ్లు లారీలకు లారీలు వస్తున్నయ్. జూన్ల సూద్దాం" అన్నాడు శ్రీధర్.

"జూన్ దాకా ఆగితే చూపు పోతుందని డాక్టరు చెప్పాడు" అన్నాను.

"ఐలోని మల్లన్నకు మొక్కుదాం ముందుగాల" అంది సంగీత.

"మొక్కు వదినా. నేను వద్దనను. కానీ తల లోపలిది మొక్కుతో పాటు డాక్టరు కూడా చూడాలి."

చివరికి మామ నా వైపు తిరిగాడు. "గొర్లకు తిరుగుడు రోగమొస్తది, ఎరికేనా? తలకాయల నీటి బుగ్గ పుడ్తది. గొర్రె ఒక్క దిక్కే గుండ్రంగ తిరుగుతది, తిరిగి తిరిగి పడ్తది. నా ఎరికల ఒక్కటి గూడ బతకలే. తలకాయల పుట్టిన దానికి మందు లేదు బిడ్డా." ఆగి, గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. నలభై ఏండ్ల సంసారంల మొన్ననే మొదలు, తిన్నవా అని అడిగింది నన్ను. గిట్లనే ఉండనియ్యి. ఉన్నన్నొద్దులు ఉంటది."

ఆయన కోరిందే రెండు రోజులు నేనూ కోరాను. అందుకే ఆయన మీద కోపం రాలేదు. కానీ ఆయన మాటకు తలూపితే, అరుగు మీద నేను చూసింది చూడనట్టే అవుతుంది.

"మామా, రేపు నాతో కోదాడ రా. ఒక మనిషిని చూపిస్తా. చూశాక కూడా వద్దంటే ఆపేద్దాం" అన్నాను.

కోదాడలో మా పుట్టింటి వీధి చివర తిరుపతి అన్నకు టీ కొట్టు ఉంది. నాలుగేళ్ళ కింద ఆయనకు ఇలాంటి గడ్డకే ఆపరేషన్ అయింది. మేం వెళ్ళేసరికి టీ వడపోస్తున్నాడు. సంగతి చెప్పగానే తల మీది టోపీ తీసి, మామ ముందు వంగాడు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, నడినెత్తి మీదుగా సన్నని గీత.

"తాకొచ్చునా?" అన్నాడు మామ.

"తాకండి పెద్దయ్యా, ఏం కాదు."

మామ వేలితో ఆ గీత వెంట మెల్లగా పోయాడు. పొట్టేలు కాలు విరిగితే కట్టు కట్టే వేళ్ళు అవి. "ఎముక తీసిండ్రా?"

"తీశారు. లోపలి పని చేసుకుని మళ్ళీ అక్కడే పెట్టి బిగించారు."

"గొర్రెకు గిట్లనే వస్తే బతకది."

"గొర్రెకు ఈ డాక్టరు లేడు పెద్దయ్యా. నాకున్నాడు." తిరుపతి అన్న మాకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఒక మాట చెప్తా వినండి. ఆపరేషనుకు ముందు నాకసలు భయమే లేదు. ఏమడిగినా సరే అనేవాడిని. గడ్డ నా భయాన్ని కూడా తినేసింది. భయపడింది మా ఆవిడ. ఆమె భయమే నన్ను ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళింది. మీ ఇంట్లో ఇప్పుడు పెద్దమ్మ కోసం భయపడాల్సింది మీరే."

తిరుగు బస్సులో మామ మునగాల దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి. "ఎప్పుడు పోదాం?" అన్నాడు.

హైదరాబాద్‌లో పెద్దాసుపత్రి. ఆపరేషన్ చేసే డాక్టరు పార్వతి గారు సన్నగా, పొట్టిగా, స్కూలు టీచరులా ఉన్నారు. స్కాన్ బొమ్మను వెలుతురుకు పెట్టి వేలితో చూపించారు.

"ఇది క్యాన్సర్‌లా కనిపించడం లేదు. మెదడు మీది పొరలోంచి పుట్టిన గడ్డ. ఎన్నో ఏళ్ళుగా మెల్లమెల్లగా పెరిగింది. వాసన నరాలు దీని కిందే నలిగిపోయాయి. ముందు భాగం మెదడును వెనక్కి నెట్టేసింది. మనిషి పట్టుదల, రోషం, ఇది తప్పు ఇది ఒప్పు అని తోచడం, అన్నీ అక్కడే. అందుకే దేనికైనా సరే అంటున్నారు. అది శాంతం కాదు, జబ్బు."

"తీస్తే మా పాత అమ్మ వస్తదా మేడం?" అని సంగీత ఆశగా అడిగింది.

అదే ప్రశ్న నా నోట్లోనూ ఉంది. ఆశతో మాత్రం కాదు.

"చాలావరకు రావచ్చు. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. వాసన తెలియడం మాత్రం తిరిగి రాదు. ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోవచ్చు, చూపు దెబ్బతినొచ్చు, ప్రాణానికే ప్రమాదం కావచ్చు. వదిలేస్తే మాత్రం చూపు పోవడం, మంచాన పడటం ఖాయం." ఆవిడ అత్తమ్మ వైపు తిరిగారు. "అమ్మా, మీకు ఇష్టమేనా?"

"నీ ఇష్టం బిడ్డా" అంది అత్తమ్మ.

ఒక్క గొర్రెను అమ్మాలంటే వీధంతా వినేలా బేరమాడే మనిషి, తన తలను అలా ఇచ్చేసింది. డాక్టరు మా వైపు చూశారు. శ్రీధర్ చూపు నేల మీద ఉంది. సంగీత కొంగు నోట్లో పెట్టుకుంది. మామ నన్ను చూశాడు.

"చేయండి మేడం" అన్నాను.

మే రెండో వారంలో చేశారు. ముందురోజు జుట్టు తీసేశారు. పొద్దున ఏడున్నరకు లోపలికి తీసుకెళ్ళారు. మేం వరండాలో నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. మామ ఏమీ తినలేదు. మధ్యాహ్నం శ్రీధర్‌కు మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తి, "మా అమ్మకు ఆపరేషన్ అయితుంది. నేను రాను" అని పెట్టేశాడు. మూడేళ్ళలో అతను మిల్లుకు రానని చెప్పడం నేను వినలేదు. నేను అతని పక్కకు జరిగి కూర్చున్నాను.

నాలుగింటికి డాక్టరు వచ్చారు. టోపీ కింద నుదురంతా చెమట. "మొత్తం తీశాం. రక్తం ఎక్కించాల్సి వచ్చింది. రేపు లేస్తారేమో చూద్దాం."

మరునాడు కళ్ళు తెరిచింది. మూడో నాడు వేలు పట్టుకుంది. కానీ మాట్లాడలేదు. పేరు చెప్పమంటే పెదవులు కదిపేది, అంతే. పదో రోజుకు పరీక్ష ఫలితం వచ్చింది, క్యాన్సర్ కాదన్నారు. ముక్కు చీదనివ్వొద్దు, బరువు ఎత్తనివ్వొద్దు, ఫిట్స్ మందు ఒక్క పూట కూడా మానొద్దు అని చెప్పి ఇంటికి పంపారు.

ఇంట్లో ఆ మూడు వారాలు నా జీవితంలో అన్నిటికన్నా పొడవైనవి. ఆమె గోడకు ఆనుకుని కూర్చునేది. తినిపిస్తే తినేది. మెత్తని అత్తమ్మ లేదు, పాత అత్తమ్మ లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు బయటికెళ్ళి గుసగుసలాడేవాళ్ళు. "మంచిగున్న మనిషిని కోయించింది కోడలు" అన్న మాట నా చెవిన పడింది. సంగీత ఫోన్‌లో, "నువ్వే గదా చేయండి అన్నది" అని ఏడ్చింది. నిజమే, అన్నది నేనే. రోజూ పొద్దున ఆమెను లేపి దొడ్డి దాకా నడిపించాను. ఒక్కొక్క గొర్రె గురించి, విన్నా వినకపోయినా, చెప్పాను. ఇది మొన్న ఈనింది. దీని కాలు కుంటుతోంది. దీనికి పాలు లేవు.

మృగశిర కార్తె వచ్చింది. వాన పడలేదు గానీ గాలి చల్లబడింది. ఆ పొద్దున దొడ్డిలో ఆమె నా చేయి వదిలించుకుని ఒక నల్లగొర్రె దగ్గర వంగింది. మూతి దగ్గర ముక్కు పెట్టింది. మళ్ళీ పెట్టింది. లేచి, తన ముక్కును వేళ్ళతో తడుముకుంది.

"నువ్వు సూడు" అంది.

నేను కదల్లేకపోయాను. నెల రోజుల తరువాత మొదటి మాట అది.

"సూడమంటే గుడ్లప్పగించి సూస్తవేందే? కండ్లతోటి కాదు, ముక్కుతోటి. ఏం వాసనొస్తుంది?"

వంగి వాసన చూశాను. "పుల్లగా ఉంది అత్తమ్మా."

"పుల్లగనా, మురిగినట్టా? సరిగ సెప్పు. మూడేండ్ల సంది ఈ దొడ్డిల ఏం నేర్సినవ్? తినుడేనా?"

దొడ్డి తడిక అవతల మామ నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో తడికను పట్టుకుని, తల దాని మీద ఆనించి ఏడుస్తున్నాడు.

ఆ తరువాత ఆమె రోజుకింత చొప్పున వచ్చింది. చీర తానే కట్టుకుంది. మామ మీద అరిచింది. శ్రీధర్ ఇంటికి తేవాల్సిన దాణా తేలేదని ఫోన్‌లో దులిపింది. ఫోన్ పెట్టాక అతను నాకు మళ్ళీ చేసి, ఏమీ మాట్లాడకుండా నవ్వాడు. చూపు కూడా నిలిచింది.

ఆషాఢంలో సాయిబాబు గారు ఫోన్ చేసి, సోమవారం నుంచి వస్తావా అని అడిగారు. వస్తానన్నాను. అరుగు మీద కూర్చున్న నేను ఫోన్ దించేసరికి అత్తమ్మ ఎదురుగా నిలబడి ఉంది. తలకు తెల్ల రుమాలు, నడుము మీద చేతులు.

"ఏం దుకాణం? ఎవల్ని అడిగి పోయినవ్?"

"మిమ్మల్నే అడిగాను. పో బిడ్డా, నీ ఇష్టం అన్నారు."

"నేనా? నిన్ను బిడ్డా అన్ననా?" అని మామ వైపు చూసింది. అరుగు మీద తాడు పేనుతున్న మామ తలెత్తకుండానే, "అన్నవ్" అన్నాడు.

ఆమె మళ్ళీ నా వైపు తిరిగింది. "నాకు యాదికి లేదు. అది నేనన్న మాట కాదు. గడ్డ అన్న మాట."

"అందుకే మళ్ళీ అడుగుతున్నాను. సోమవారం నుంచి వెళ్తాను. మీరేమంటారు?"

"వద్దంటే ఆగుతవా?"

"ఆగను."

మామ చేతిలో తాడు ఆగింది.

"మరి అడుగుడెందుకు?"

"అప్పుడు గడ్డను అడిగి పోయాను. ఇప్పుడు మిమ్మల్ని అడిగి పోవాలని." అక్కడితో ఆగలేకపోయాను. "ఇంకోటి కూడా చెప్పాలి. స్కానింగ్ చీటీ రాసిచ్చాక రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సంచిలో దాచుకున్నాను."

"ఎందుకు?"

"మీరు మంచిగా ఉన్నారని."

ఆమె వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. నెత్తి మీద కుట్టు గీత దగ్గర రుమాలు సర్దుకుంది.

"రెండొద్దులేనా?" అంది. "మా అత్త ఉన్నప్పుడు నాకు గట్లాంటి చీటీ దొరికితే పొయ్యిల పెడుదును."

నేను నవ్వాలో వద్దో తెలియక చూస్తున్నాను. ఆమె నవ్వలేదు.

"పో సోమారం. నేను మాత్రం గిట్లనే ఉంట. నాకు మెత్తగుండుడు రాదు. గడ్డ పుడితే తప్ప రాలే. నువ్వు ఇప్పుడు ఆగనన్నవ్ సూడు, గట్లనుండు. మూడేండ్ల సంది ఈ ఇంట్ల నేనొక్కదాన్నే మాట్లాడుతున్న. ఇగ నువ్వు గూడ నోరు తెరువు."

"అయితే ముందు మందు వేసుకో అత్తమ్మా. పొద్దుటిది ఇంకా వేసుకోలేదు నువ్వు" అన్నాను, గట్టిగానే.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. చేయి చాపింది. నేను మాత్ర పెట్టాను. నీళ్ళ కోసం చూడకుండానే మింగేసింది.